నాలుగు నిమిషాల తాళం

"ఎంతసేపు ఆగుతావు?" అనడిగాడు ఎర్మెస్,
ఎంత పెట్టగలవు అని కాదు.
ఫెర్రారా కోటగోడ కింద అతని కొట్టు.
గోడంతా తాళాలు వేలాడుతున్నాయి
ఎండబెట్టిన చేపల్లా.

నాకు లెక్క నోటికొచ్చు.
నివేస్ గారికి ఇన్సులిన్: నాలుగు నిమిషాలు,
పంచదార గురించి ఆవిడ చెప్పే అబద్ధంతో కలిపి.
వయొలిన్లు బాగుచేసే తెల్మోకి కాలి కట్టు: తొమ్మిది.
మూడో అంతస్తు బ్రూనెల్లాకి రక్తపోటు చూడ్డం: ఆరు,
అందులో మెట్లకే నాలుగు.
మధ్యలో రొట్టెల కొట్టు. అది వైద్యం కిందికి రాదు.
నాకు రోజుకి పద్నాలుగు చోట్ల ఆగడం.
దొంగకి ఒక్క ఆగడం చాలు.

ముందు గొలుసు తీశాడు. రెండు కిలోల పైమాటే.
భుజాన వేసుకుంటే ఖైదీని నేనే.
తర్వాత వంచిన ఇనప కమ్మీ,
గుర్రపు నాడాలా అందంగానే ఉంది,
కానీ మా ఊరి దీపస్తంభాలు
ఒక్కటీ దాని నోట్లో పట్టవు.
తర్వాత తాళం కప్ప,
నిజంగా కప్పే, బల్లమీద బోర్లా కూచుని
ఒళ్లంతా తుప్పు మచ్చలతో.

చివరికి సొరుగు అడుగునుంచి
గుప్పిట్లో ఇమిడే గుండ్రటి డబ్బీ.
లాగితే సన్నటి ఉక్కు తీగ జర్రుమని వస్తుంది,
దర్జీ టేపులా.
వదిలితే వెనక్కి పోతుంది.
మూడు అంకెలు. నూట ఇరవై గ్రాములు.
నా సూదుల పెట్టె ఇంతకన్నా బరువు.

"ఇది దొంగని ఆపదు," అన్నాడు.
అమ్ముకునేవాడు అనాల్సిన మాట కాదది.
"కత్తెర ఉన్నవాడికి ఇది దారం.
ఇది ఆపేది దొంగ కానివాణ్ణి.
ఆఖరి బస్సు పోయి, కాళ్లు పీకి,
ఎదురుగా సైకిలు కనబడి,
ఈ ఒక్కసారికీ దొంగనవుదామా అనుకునేవాణ్ణి.
ఆ ఒక్కసారికీ చాలు."

కొన్నాను.
పో నది మీది పొగమంచు ఊళ్లోకొచ్చి
సైకిళ్లని సగం సగం మింగిన రోజుల్లోనూ
చేతి తొడుగు తియ్యకుండానే
చక్రంలోంచి స్తంభం చుట్టూ, టక్కున.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం.
గ్వాల్తియేరో గారింట్లో నాలుగు నిమిషాల పని.
సూది వేశాను. ఆయన చెయ్యి వదల్లేదు.
మాట్లాడనూ లేదు. గోడ గడియారమే మాట్లాడింది.
కింద సైకిలుందని
పది నిమిషాలప్పుడు ఒకసారి గుర్తొచ్చింది,
ఇరవై అప్పుడు ఒకసారి,
తర్వాత రాలేదు.

ఆయన కూతురొచ్చాక నేను దిగేసరికి
రెండున్నర గంటలు.

సైకిలుంది.
దాని నడుముకి నాది కాని గొలుసు,
లారీలవాళ్లు వాడేంత లావుది,
నా తీగ పక్కన
పసివాడి వేలు పట్టుకున్న వస్తాదులా.
లాగాను. తిట్టాను.
మా అమ్మమ్మ యాసలో ఇంకోసారి తిట్టాను.

ఎదుటి కాఫీ బారు కుర్రాడు తల బయటపెట్టి:
"మంగలి లోరిస్ వేశాడు, నువ్వెంతకీ దిగట్లేదని.
ఆ దారానికి పిల్లి కూడా ఆగదన్నాడు.
తాళంచెవి అతని దగ్గరే. భోజనానికెళ్లాడు.
మూడున్నరకి వస్తాడు."

ఇంకా మూడు కాలేదు.
కాఫీ తెచ్చుకుని మెట్టుమీద కూచున్నాను.
మిగతా ఇళ్లకి ఫోన్ చేశాను.
ఎందుకాలస్యమని నివేస్ గారు గుచ్చి గుచ్చి అడిగారు.
"సైకిల్ని కట్టేశారు," అన్నాను.
పైన కిటికీ రెక్కలు బార్లా తీసి ఉన్నాయి,
మనిషి పోయాక మావాళ్లు తీసిపెట్టినట్టే.
తీసింది నేనే.

ఊరికే కూచోలేక మూడంకెలూ తిప్పాను.
తీగ జర్రున డబ్బీలోకి పోయింది.
ఇక గొలుసొక్కటే సైకిల్ని పట్టుకుని ఉంది,
ఎవరూ ఎక్కడికీ
పోనక్కర్లేదన్నట్టు.