జరిమానా డబ్బా

రివర్టన్ ఫైర్ స్టేషన్ వెనక గదిలో
మంగళవారం ఆరున్నరకి గంట కొడతాడు డూగల్.
పదకొండు మందిమి. కుర్చీలు నలభై.
బ్యాడ్జీ మరిచినందుకు హెటీకి డాలరు జరిమానా,
మనవరాలు పుట్టినందుకు టీపెనెకి ఐదు.
సంతోషానిక్కూడా మా దగ్గర పన్నుంది.

ఈసారి అతిథి ఈల్ చేపల మనిషి.
యాభై అరవై ఏళ్లు ఏట్లోనే బతికి
ఒకే ఒక్కసారి గుడ్లు పెట్టడానికి
టోంగా సముద్రం దాకా ఈదుతాయట.
"తిరిగి రావా?" అంది హెటీ.
ఆమె అన్న పడవ సంగతి ఊరందరికీ తెలుసు.
కాసేపు ప్రొజెక్టర్ ఫ్యాను ఒక్కటే మాట్లాడింది.

శనివారం బస్టాపు బెంచీకి ఆకుపచ్చ రంగు వేశాం.
దక్షిణపు గాలికి వేళ్లు కొయ్యలయ్యాయి.
"తడి రంగు, కూర్చోవద్దు" అని అట్టమీద రాసింది డూగలే,
రాసి, కూర్చుని, టీ తాగిందీ డూగలే.

మళ్లీ మంగళవారం
కోటు వీపున నాలుగు ఆకుపచ్చ చారలతో వచ్చాడు.
ఎవరూ అడగకముందే
రెండు డాలర్లు డబ్బాలో పడేసి
గంట కొట్టాడు.

నిన్న వానలో వ్యాను నడుపుతూ చూశాను:
ఎవరో బడిపిల్ల ఆ బెంచీ మీద
బూటు లేసు కట్టుకుంటోంది.
నీళ్లు చిందుతాయని
గేరు తగ్గించాను.