తుమ్ముల పద్దు

మిర్చి యార్డులో ముప్పై ఒక్క ఏళ్ళు
టిక్కీల లెక్క రాశాను.
తేజా రకం దిగే నెలల్లో
కొత్త హమాలీలు తువ్వాళ్ళలో మొహాలు దాచుకుని
కళ్ళూ ముక్కూ ఏకధారగా కారుస్తుంటే
నేను పెన్ను ఆపేవాణ్ణి కాదు.
"జక్రయ్య ముక్కు తోలుతో కుట్టారు" అనేవాళ్ళు.

ఆ ముక్కే ఇప్పుడు
వయ్యారిభామకి ఓడిపోయింది.

ఏం పేరు పెట్టారర్రా ఆ కలుపుమొక్కకి!
నడుము లేదు, నడక లేదు,
నూకల్లాంటి తెల్లపూలు.
వానలు వెనకబట్టగానే
ఉప్పలపాడు దారి పొడుగునా బారులు తీరి
నా స్కూటర్ కోసమే ఎదురుచూస్తుంది.

కొత్తపేటలో ముక్కు డాక్టరమ్మ
టార్చి వేసి చూసింది.
"పొద్దున్నే చెట్ల దగ్గరికి వెళ్ళకండి."
చెట్ల దగ్గరికి కాదమ్మా, కొంగల దగ్గరికి, అన్నాను.
ఆమె నవ్వలేదు.
రాత్రికో మాత్ర,
ముక్కులో కొట్టుకునే మందు రెండు పూటలా,
మాస్కు, అని రాసింది.

మిగతావి నేను నేర్చుకున్నవే.
పొడిగాలి ఉంటే బండి తీయను.
రాత్రి జల్లు పడితే తీస్తాను,
పుప్పొడంతా మట్టికి అతుక్కుని ఉంటుంది.
ముక్కుపుటాలకి వేలికొసతో కొబ్బరినూనె.
తిరిగొచ్చాక ఎస్తేరు గడప తొక్కనివ్వదు.
చొక్కా కుళాయి దగ్గరే విప్పాలి,
తల మీద రెండు చెంబులు గుమ్మరించుకోవాలి,
ఆ తర్వాతే కాఫీ.
"ఒక్కసారి పొందితే చాలదు,
నీకు రోజూ బాప్తిస్మమే" అంటుంది.

తమ్ముడు ఏబేలు అయితే సూటిగానే అన్నాడు,
"తుమ్మితే ఊడే ముక్కు నీది,
ఎందుకన్నా ఈ తిరుగుళ్ళు?"
ఊడేదైతే ఎప్పుడో ఊడేదిరా.

చెరువు కట్ట మీద సైదులు ఉంటాడు,
ఖాకీ చొక్కా, చెప్పుల్లేని కాళ్ళు.
నీళ్ళ మధ్యలో తుమ్మచెట్లు.
వాటి మీద ఆకు కనపడదు,
అన్నీ ఎర్రకాళ్ళ కొంగలు, గూడబాతులు.
ముళ్ళ మీదే పుల్లలు పేర్చి
ముళ్ళ మీదే పిల్లల్ని లేపుతున్నాయి.

చెట్టు పేరు తుమ్మ కావడం
నా ప్రారబ్ధం.

మొదటి తుమ్ముకి సైదులు టక్కున ఆగుతాడు.
ఒంటి తుమ్ము మంచిది కాదట.
రెండోది రాగానే "ఇంక పదండి" అంటాడు.
మూడు, నాలుగు, తొమ్మిది...
శకునశాస్త్రం అంత దూరం రాయలేదు.
"నిండు నూరేళ్ళు సార్" అంటూ
తొమ్మిది వందల ఏళ్ళు అప్పజెప్పి
నీళ్ళ సీసా చేతికిస్తాడు.

నిరుడు ఒక తుమ్ముకి
ఒక చెట్టు చెట్టంతా లేచింది.
తెల్లని రెక్కలు, గులాబీ ఈకలు,
ఒక గూట్లో పిల్లలు మాత్రం ఎగరలేక నోళ్ళు తెరిచి.
నేను కట్ట మీద కూలబడ్డాను.
నెల రోజులు మళ్ళీ అటు పోలేదు.

ఈ ఏడు లేవడం లేదు.
ఒక గూడబాతు మాత్రం మెడ తిప్పి చూసి
పిల్ల తలని మళ్ళీ తన సంచిలోకి తీసుకుంటుంది.
"మీదీ ఒక కూతే అనుకున్నాయి" అన్నాడు సైదులు.
అంతకంటే పెద్ద బిరుదు
యార్డులో కూడా ఎవరూ ఇవ్వలేదు నాకు.

పాత లెడ్జరు ఒకటి ఖాళీగా మిగిలిపోతే
గీతలు కొట్టి పెట్టుకున్నాను.
ఎడమవైపు పక్షులు, కుడివైపు తుమ్ములు.

ఆదివారం.
ఎర్రకాళ్ళ కొంగలు నాలుగు వందల పన్నెండు.
తుమ్ములు పంతొమ్మిది. కళ్ళు వాచాయి.

మంగళవారం.
గాలి. వెళ్ళలేదు.
కిటికీలు మూసుకుని మధ్యాహ్నం దాకా పడుకున్నాను.

శుక్రవారం. రాత్రంతా ముసురు.
తుమ్ములు రెండు.
పక్షులు:
అక్కడ ఏమీ రాయలేదు.
మూడేళ్ళలో మొదటిసారి కళ్ళు మసకబారకుండా
ఒకే గూటి వైపు చూస్తూ నిలబడ్డాను.
లెక్క సంగతి
స్కూటర్ తీస్తున్నప్పుడు గుర్తొచ్చింది.