నెలకి ఇరవై నాలుగు పౌండ్లు

బ్యాంకు అమ్మాయి ఫోన్లో రెండోసారి అడిగింది,
"ఈ నెలవారీ కోత నిజంగానే ఆపేయమంటారా?"
ఆపేయమన్నాను.
ఏడేళ్ళుగా ఇరవై నాలుగు పౌండ్లు
రెండు నీటిపొరల కోసం
నా చెయ్యి తగలకుండానే వెళ్ళిపోయేవి.
కళ్ళల్లో పెట్టుకుని చూసుకోవడానికి
ఇంత ఖర్చవుతుందని
ఆ మాట పుట్టించినవాళ్ళకి తెలిసుండదు.

సొరుగులో, అయిపోయిన బ్యాటరీల కింద,
ఎప్పుడో విజయనగరంలో చేయించిన కళ్ళజోడు.
ఒక కాడ వంకర.
హెస్సిల్ రోడ్డు చివరి దుకాణంలో
అద్దాలు మాత్రం మార్పించాను,
ముప్పై తొమ్మిది, ఒక్కసారికి.
ఫ్రేము కూడా మార్చమని ఆ కుర్రాడు
వరసగా నాలుగు చూపించాడు.
చూపుకైతే డబ్బుంది నాయనా, సోకుకి లేదు
అందామనుకుని
ఇంగ్లీషులోకి తేలేక నవ్వేశాను.

ముక్కు మీద కోపమని ఇంట్లో పేరు నాకు.
ఇప్పుడక్కడ రెండు ఎర్రటి గుంటలు.

రాత్రి పదింటికి బ్రెడ్డు ఫ్యాక్టరీ.
ఓవెన్ తలుపు తీయగానే
లోకమంతా ఇడ్లీపాత్ర మూత లోపలివైపు.
పదకొండు సెకన్లు, లెక్కపెట్టాను,
ఏమీ కనపడదు.
ట్రాలీ పట్టుకుని అలాగే నిలబడతాను.
ఎవరు పిలుస్తున్నారో తెలియనట్టు ఉండొచ్చు,
సూపర్‌వైజరు గ్రాహమ్ అయినా సరే.
జీతం కోయకుండా ఈ ఊళ్ళో
నాకు దొరికిన సెలవు అదొక్కటే.

వాన పడితే వైపర్లు లేని బస్సుని.
చున్నీతో తుడిస్తే గీతలు పడతాయని
మౌరీన్ కోప్పడుతుంది.
మరచీల ఊడి పిండిలో పడబోయిన రోజు
ఆవిడే పట్టుకుంది,
నెయిల్ ఫైల్ మొనతో బిగించి
తన నోటి ఆవిరితో అద్దాలు తుడిచి
నా మొహానికి తగిలించింది.
ఇంతకాలం ఆవిడ గడ్డం మీద
ఆ చిన్న మచ్చ ఉందని తెలీదు నాకు.

"మిగిలిందా మరి?" అంటుంది పక్కగది భ్రమరాంబ.
ఏడాదికి రెండు వందల ఎనభై ఎనిమిది,
అందులో ముప్పై తొమ్మిది పోను...
క్యాలెండరు వెనక పెన్సిలుతో వేశాను.
వేసిన అంకె ఉంది,
డబ్బు మాత్రం ఎక్కడా లేదు.
జనవరిలో గ్యాసు మీటరు మింగిందేమో,
మా వాడి బూట్లయ్యాయేమో.
కొత్త అద్దాల్లోంచి ఎంత వెతికినా
ఆనవాలు దొరకలేదు.
"అప్పు పెరగలేదుగా" అంది ఉల్లిపాయలు తరుగుతూ.
లెన్సులున్నప్పుడు నా కళ్ళకి
ఉల్లిపాయ అంటే తెలిసేది కాదు.
ఇప్పుడిద్దరం ముక్కులు ఎగబీల్చుకుంటూ
పులుసు పెట్టుకున్నాం.

తెల్లవారుజామున బస్సు పై అంతస్తులో
ముందు సీటు దొరికితే
కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంటాను.
వీధిదీపాలన్నీ ఒక్కసారిగా
నూనెలో బూరెల్లా పొంగుతాయి.
నౌకాశ్రయం క్రేన్లు మెత్తబడతాయి.
ఒకప్పుడు చూడ్డం ఆపాలంటే
సబ్బు కావాలి, గోడకి అద్దం కావాలి,
కడిగిన చెయ్యి కావాలి.
ఇప్పుడు రెండు వేళ్ళు చాలు.

ఆ బూరెలు చూస్తూ చూస్తూ
రెండుసార్లు మా స్టాపు దాటిపోయింది.
వెనక్కి రావడానికి రెండేసి పౌండ్లు.
అది క్యాలెండరు వెనక రాయలేదు.