ముప్పై సెంటీమీటర్లు

పాత కంపెనీ తీగకు
ముప్పై సెంటీమీటర్ల దూరంల
కొత్త కంపెనీ తీగ పండాలె.
అది రూలు.
కొలకట్టె చేతుల పెట్టి పోయిండు ఇంజినీరు.

ఆ ఏడు సల్మాబాద్ క్యాంపుల
ఎవని నోట విన్నా అదే ముచ్చట:
ఇగ ఒక్కటే కంపెనీ కాదట,
సర్కారు తలుపు తీసిందట,
రేటు సగమైతదట.
మనామా బజార్ల బుగ్గలు కట్టి
టోపీల పోరగాళ్లు సిమ్ములు ఉత్తగనే పంచుతుంటే
లైన్ల రెండుసార్లు నిలవడ్డడు మా రాజనర్సు.
వాని దగ్గర ఫోనే లేదు.

అంతకుముందు
దినారు కార్డు గీకితే ఏడు నిమిషాలు.
ఆ ఏడింట్లనే
బోరు మోటరు కాలిన సంగతి,
బీడీల ఖార్ఖానోడు ఆకు తక్కువ తూచిన సంగతి,
చిన్నదానికి ఊడిన పన్ను
ఒకదాని మీద ఒకటి పేర్చి
కట్ట కట్టినట్టు చెప్పేది సుగుణ.
ఊపిరి తీసుకునుడు గూడ లెక్కలకొచ్చేది.

ఇప్పుడు పద్దెనిమిది.
పదకొండో నిమిషంల
"ఇంకేంది" అంటది.
"ఇంకేం లేదు" అంట.
ఇటు దిక్కు ఏసీ గురక ఆమె వింటది,
అటు దిక్కు కుక్క మొరుగుడు నేను వింట.

చవక మంచిదే. నేను కాదంటలేను.

కానీ తవ్వుడుకు గూడ టెండరేసిండ్రు.
ముగ్గురు కాంట్రాక్టర్లు పోటీపడ్డరు,
అందరికంటె తక్కువకు పాడినోడు మావోడు.
ఆ తక్కువ ఎక్కడికెల్లి తీసిండో
నెలాఖరుకు ఎరుకైంది:
మీటరుకు ముప్పై ఫిల్సులు,
శుక్రవారం ఓటీ,
గురువారం రాత్రి కూరల మాంసం.

ఆగస్టు. పగటీలి రెండు.
గడ్డపార దిగింది.
ముప్పై ఉండాల్సిన కాడ ఇరవయ్యే ఉన్నది.
మెత్తగ తెగింది,
సొరకాయ తొడిమె తెగినట్టు.
ఒక వీధి వీధే మూగవడ్డది.
మందుల షాపాయన, మంగలి,
ఫ్యాక్సు కోసం కూసున్న ట్రావెల్సాయన
బయటికొచ్చి గుంతల నన్ను సూసిండ్రు.

పాత కంపెనీ సారు, కొత్త కంపెనీ సారు
ఒడ్డు మీద అరబ్బీల అరుసుకుంటున్నరు.
గడ్డపార నాదే గని
వాళ్ల కొట్లాటల నా పేరు ఒక్కసారి గూడ రాలేదు.

అతుకెయ్య దిగినోని
మెడకు తువ్వాల, నోట్ల టార్చిలైటు.
తెల్లకు నీలం, తెల్లకు నారింజ,
జంట జంట మెలేసుకుంట గొణిగిండు:
"ఎవడ్రా నీయవ్వ, ఇట్ల కోసింది?"
తెలుగుల!
"నేనే అన్నా" అన్న.

పేరు ఆశాలు. ఊరు కోరుట్ల అవతల.
మా మెట్‌పల్లికి ఆర్డినరీ బస్సుల అర్ధగంట.
ఆరేండ్లయ్యిందట వచ్చి,
ఇదే వీధి కింద.

"మీ దాంట్ల ఎంత ఇస్తున్నరు?" అన్నడు.
చెప్పిన.
టార్చి చేతిలకు తీసుకొని నవ్విండు.
"మాకు గూడ మొన్న గంతే చేసిండ్రు.
మిమ్ముల సూపెట్టి తగ్గించిండ్రు."
"మాకు మిమ్ముల సూపెట్టిరి" అన్న.
ఫ్లాస్కు మూతల ఉన్న చాయ
సగం తాగి నాకిచ్చిండు.

అతుకు పట్టిందా లేదా అని
పసుపు రంగు టెస్టు ఫోను తగిలిచ్చిండు.
కూ... అని టోను.
"ఎవరిదో లైను. ఒక్క నిమిషం మాట్లాడుకో.
ఎవడు అడుగడు."

మన్ను వేలు మీట మీద పెట్టిన.
ఒకప్పుడు
పక్కింటోళ్ల నెంబరు
నిద్రల లేపినా చెప్పేటోన్ని.
ఇప్పుడు నెంబరు సిమ్ముల,
సిమ్ము ఫోన్ల,
ఫోను క్యాంపుల మెత్త కింద చార్జింగుకు.

సున్నా సున్నా తొమ్మిది ఒకటి.
అక్కడిదాంక ఒత్తిన.

ఆశాలు నా మొఖం సూసిండు.
నేను తీగలను సూసిన.
ఒడ్డు మీద అరుపులు ఇంక ఆగలేదు.

ఏమనలేదు ఆయన.
ఫోను తీసి నడుముకు తగిలిచ్చుకొని,
నా కొలకట్టె అందుకొని
పాతదానికి కొత్తదానికి నడుమ పెట్టి సూసిండు.
"ఇంకో పది జరుపు తమ్మీ,
లేకుంటే రేపు మల్ల నాకే పని."