గండి

ముప్పై ఏండ్లు ఎడమ కాల్వ మీద లష్కర్ని.
నిడమనూరు కాడ కట్ట చెమ్మగిల్లితే
చెప్పుల్లేని కాలితోనే పోల్చేటోన్ని.
ఇయ్యాల నల్లగొండ పెద్ద దవఖానల
నా మెడ కింద రూపాయి బిళ్లంత తడి.

మాటల డబ్బా తీసేసి తొమ్మిదో రోజు.
కుట్లు మంచిగనే ఉన్నయన్నరు.
పొద్దుగాల్ల లేస్తే అంగీ కాలరు నానింది.
చెమటనుకున్న.
చెమటకు జిగురుండది.

పట్టీలు కట్టే ఇస్తారి వేలితో ముట్టి
"ఉమ్మి, తాతా. లోపట తొవ్వ చేసుకున్నది" అన్నడు.
పలక మీద రాసిన: గండి.
వాడు నవ్విండు.
డాక్టరమ్మ నవ్వలే. "అంతే" అన్నది.

నాకెరుకైన పనే.
గండికి మూతికాడ మన్ను కొట్టొద్దు,
పైన మూస్తే లోపట బొరియ పెరుగుతది.
ముందు పై తూము దించాలె,
నీళ్లను ఇంకో దిక్కు మళ్లియ్యాలె,
అప్పుడు అడుగుకెల్లి బస్తా మీద బస్తా,
తొందర పడకుంట.

వీళ్లూ గదే చేసిండ్రు.
నోరు బందు. ముక్కులకెల్లి సన్న పైపు,
రెండు గంటలకోసారి
అండాలు వడగట్టి పోసే రాగిజావ.
సందుల గాజుగుడ్డ కూరి, పైన బిగించి పట్టీ.
గేజి పుస్తకం అలవాటు పోలే నాకు:
తడిసిన పట్టీలు పదకొండు.
మర్నాడు పదకొండు.
మర్నాడు పన్నెండు.

పక్క మంచమాయనకు బత్తాయి ఒలిచిండ్రు ఆ మాపటేల.
వాసన నాకందది,
ముక్కుకెల్లి గాలాడుడు బందయింది గద.
తొన వంగుడు చూసిన, అంతే.
మెడ కారింది.
అండాలు ఏమనకుంట తెర గుంజింది.

చివరి ఆయకట్టోళ్లు ఎన్ని తిట్లు తిట్టిండ్రో నన్ను,
మా మడికి చుక్క రాలేదని.
ఇప్పుడు రాస్త వాళ్లకు, పలక పట్టేదుంటే:
నీళ్లుంటయి, బిడ్డా,
పోవల్సిన కాడికే పోవు.

ఆరు. ఆరు. నాలుగు.
ఒకనాడు మళ్ల తొమ్మిది, ఎందుకో ఎవ్వరు చెప్పలే.
మూడు.
ఒకటి, అది గూడ అంచుకే.

ఇయ్యాల ముప్పై నాలుగో రోజు.
డాక్టరమ్మ చెంచెడు నీళ్లల్ల నీలిమందు కలిపింది.
"మింగు. పట్టీ నీలమైతే ఇంకా ఆగాలె."
నెల మీద నాలుగు దినాలకు
నాలిక మీద చుక్క.
మింగిన.

ఇస్తారి టార్చి కొట్టి మెడ చూస్తున్నడు.
అండాలు వాడి మొకం చూస్తున్నది.
నేను మంచం దిగి
ఉత్త కాలితో నేలను తడుముతున్న.