మగ శంకువు కాగే వేళ

టిన్ కాన్ బే దాటాక ఇసుక రోడ్డు.
కిందటేడు కాలిన పొదల్లో
గ్వెండా మోకాళ్ళ మీద కూచుని లెక్కపెడుతోంది:
మగవి నలభై ఒకటి. ఆడది ఒక్కటి.

దీని మొదలు పైకి కనపడదు.
వేళ్ళే ముడుచుకుని
ఏటికింత ఇసుకలోకి లాక్కుంటాయి.
ఆకు మెలితిరిగి ఉంటుంది,
పిండి, దులపకుండానే ఆరేసిన చీర.
తిరుమల కొండల్లో దీని దూరపు చుట్టాన్ని
పేరీత అంటారని చెప్పాను.
గ్వెండా రెండుసార్లు పలికింది, రెండుసార్లూ తప్పే.

మధ్యాహ్నం మగ శంకువు ఒళ్ళు కాగుతుంది.
థర్మామీటరు గుచ్చి చూశాం:
గాలికన్నా ఆరు డిగ్రీలు ఎక్కువ.
ఆ ఘాటుకి తాళలేక తామర పురుగులు
పుప్పొడి పూసుకుని బయటపడతాయి.
అదే వాసన పలచగా వచ్చే చోటికి పోతాయి.
అది ఆడదాని చోటు.
ఉంటే.

ఉన్న ఒక్కటీ రోడ్డుకవతల,
కొత్త ప్లాట్లకు పాతిన గులాబి జెండాల నడుమ.
ఇంత చిన్న రెక్కలు
అంత తారు దాటవు.

శంకువు తట్టి కవరులోకి పొడి రాల్చుకున్నాను,
పసుపు కంటే లేత రంగు.
గ్వెండా మనవడి పెయింటు బ్రష్షు జేబులోంచి తీసి
నా చేతిలో పెట్టింది.
ముళ్ళకంచె తీగ పైకెత్తి పట్టుకుని
"సన్నగా ఉన్నావు, నువ్వే దూరు" అంది.