మూడో బేసులో లాలూబీ

కంపెనీ అబ్బాయి వచ్చినాడు,
మెడలో కార్డు, చేతిలో పలకంత ఫోను.
కొత్తగా బేస్‌బాల్ టీమొకటి పెడతారంట,
ఏ ఊరు దాన్ని సాకగలదో
చూసి రమ్మన్నారంట పైవాళ్లు.

సాకడమన్నాడో, మోయడమన్నాడో,
నా మిషను చప్పుడులో సరిగా వినపళ్లేదు.

కర్నూలు చూసొచ్చినాడు. జనముండారు, ఏరుండాది,
గ్రౌండుకి గోడ లేదు.
కడపలో విమానం దిగుతాది,
కానీ ఆ ఎండకి బంతి కంటే ముందు
ఆడేవాడు పడతాడని రాసుకున్నాడు.
ప్రొద్దుటూరులో డబ్బుండాది, బీరువాలో ఉండాది.
ఆదోనిలో పత్తి షావుకారొకాయన
"తొమ్మిదిమందికి జీతమా, ఒక్క బంతికా?" అని
నవ్వి, టీ ఇప్పించి పంపినాడంట.
అనంతపురం బాగుందన్నాడు. పచ్చిక కూడా ఉందన్నాడు.
ఆ మాట చెప్పేటప్పుడు గొంతు మెత్తబడింది పాపం,
వారంగా దుమ్ము తింటున్నోడు.

రాయదుర్గం అతని పట్టీలోనే లేదు.
పిగిలిన బంతులు కుట్టే మనిషి
జీన్స్ ప్యాంట్ల సందులో ఉందని ఎవరో చెబితే
దారి మళ్లినాడు.
ఆ మనిషిని నేనే. తిప్పక్కని.

బంతికి నూటెనిమిది కుట్లు.
రెండు సూదులు, మైనం పట్టించిన దారం.
ఎర్రదారం మాకు దొరకదు,
ప్యాంటు జేబుకేసే పసుపుదారమే వేస్తా.
"అష్టోత్తరం చేసినట్టే తిప్పక్కా" అంటాడు పూజారి.
అష్టోత్తరానికి కూలి రాదు సామీ,
దీనికి ఇరవై వస్తాది.

"ఇక్కడెవరు ఆడతారు?" అన్నాడు అబ్బాయి.
చెప్పేలోపల కరెంటు పోయింది.

సందంతా ఒక్కసారి గొంతు మూసుకుంది.
టేపులు మెడలో ఉండంగానే
కుర్చీలు వెనక్కి జరిగినాయి.
కోటకొండ కింద, రంగునీళ్లు ఇంకి
నేల నీలంగా మారిన మిట్ట మా గ్రౌండు.
ప్యాంటుకాళ్లలో పీలికలు కుక్కితే బేసులు.
డ్రిల్లుసారు వన్నూరప్ప మాకు సాఫ్ట్‌బాల్ నేర్పించి
రిటైరైపోయినాడు.
పదో తరగతితో బడి పోయింది.
విసిరే చెయ్యి పోలేదు.

లాలూబీ కొట్టింది. బంతి
వడ్డే సుంకన్న రేకులమీద దబ్బున పడి
దొర్లుకుంటా వచ్చే లోపల
మూడో బేసుకి చేరింది, బురఖా ఒకచేత్తో ఎత్తి పట్టుకుని.

"స్కోరెంత?" అన్నాడు అబ్బాయి.
గోడమీద బొగ్గుతో ఉండాది, చూసుకో అన్నా.
చూసి, కళ్లు నులుముకుని మళ్లీ చూసినాడు.
"ఇది ఈరోజు మ్యాచేనా?"
ఈ మ్యాచు శివరాత్రినాడు మొదలైంది నాయనా.
కరెంటు పోయినప్పుడల్లా ఆడతాం.
వచ్చినప్పుడు యాడ నిలబడినోళ్లం ఆడ రాసిపెట్టి
మిషనెక్కుతాం.

నవ్వినాడు. మంచి నవ్వే.
తర్వాత డ్యూటీ గుర్తొచ్చి,
"మీ ఊళ్లో టికెట్టు ఎంత పెట్టి కొంటారక్కా?" అన్నాడు.

ప్యాంటుకి పదిహేను రూపాయల కూలి.
గంట మిషనాగితే నాలుగు ప్యాంట్లు పోతాయి.
ఇక్కడ నలభైమంది ఆడోళ్లు,
చూసేదానికొచ్చిన మొగోళ్లు ఇంకో ముప్పైమంది.
అది కరెంటోళ్లు కోసిన టికెట్టు, సరే.
మరి కరెంటొచ్చినాక కూడా
ఇంకొక్క బంతి, ఇంకొక్క బంతి అని
ఓనరు తిట్లు తింటా నిలబడతామే,
అది మేం కొనుక్కున్నది.
లెక్క నువ్వే వేసుకో.

అతను ఫోనులో ఏమో నొక్కినాడు.
నొక్కి, తుడిచేసినాడు.

కరెంటొచ్చింది.
మిషన్లు ఒకటొకటిగా మొరిగినాయి.
లాలూబీ ఒక్కతే కదల్లేదు,
కాలివేలు బేసుకి ఆనించుకుని
బంతి వైపే చూస్తాండాది.
"రాసినారా? మూడో బేసులో నేనని రాసినారా?"
రాసినాం పోవే, అన్నాక వచ్చింది.

బంతి ఆ అబ్బాయి చేతిలో ఉండిపోయింది.
గడపమీద కూర్చుని
పసుపు కుట్లమీద బొటనవేలు జరుపుకుంటా
లెక్కపెడతాండాడు.
యాభైమూడు దాకా నాకు వినపడింది.
ఆపైన నా మిషను కూడా అందుకుంది.